ఆఖరి బంతి అక్కది

ఆడపిల్లలకు జీతమిచ్చి బాస్కెట్‌బాల్ ఆడించే కొత్త లీగ్ ఒకటి మొదలవుతోందనీ, దానికి క్రీడాకారిణులను ఎంపిక చేసే ఆయన ఆదిలాబాద్ జట్టుతో మా మ్యాచ్ చూడటానికి వస్తున్నాడనీ తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. ఆయన వచ్చేది నా కోసం కాదు. అరిగిపోయిన నా మోకాళ్లు చూస్తే ఎవరైనా వెనక్కి తిరిగిపోతారు. నేను కరీంనగర్ జట్టు కెప్టెన్‌ని, పగలు బడిలో పిల్లలకు డ్రిల్లు చెప్పుకుంటూ సాయంత్రాలు ఆడేదాన్ని. ఆయన వచ్చేది మా జట్టులో అందరికన్నా చిన్నదాని కోసం.

ఆ పిల్లది సిరిసిల్ల. వాళ్ల బాపు సాంచాలు నడుపుతాడు, మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. "గీసారి అయితె అయింది, లేకుంటె ఆట బంద్. ఇంట్ల కూసొని కండెలకు నూలు చుట్టాలె" అని ఆయన నా ముందరే తేల్చి చెప్పాడు. కోపంగా కూడా చెప్పలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

ఆటలో ఆమెకు వంక పెట్టడానికి లేదు. ఇబ్బందల్లా నోటితోనే. వచ్చిన మొదటి వారమే, తనకన్నా ఎంతో పెద్దామెను పట్టుకుని "ఏయ్, ఇటెయ్యి! కండ్లు కనవడ్తలేవా?" అని అరిచింది. బంతి పట్టుకున్న ఆ పెద్దామె ఆట ఆపేసి, నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "పెద్ద లేదు, చిన్న లేదు. గిదేం పోరి!" అంది. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ పిల్లకు ఎవరూ బంతి వేయలేదు. రింగు కింద చేతులు చాపుకుని ఒక్కతే నిలబడేది.

మా జట్టుకు కొన్ని పద్ధతులున్నాయి. కోర్టులో ఉన్నా సరే, చిన్నవాళ్లు పెద్దవాళ్లను అక్కా అనే పిలవాలి. నీళ్లు ముందు వాళ్లకే అందించాలి. తెచ్చుకున్న టిఫిన్లన్నీ ఒకే బేసిన్‌లో కలుపుకుని తింటాం. మ్యాచ్ తేలకుండా చివరికొచ్చిందంటే ఆఖరి బంతి కెప్టెన్ అక్కకే ఇవ్వాలి. ఇదంతా ఎవరు పెట్టారో తెలియదు, నేను చేరేటప్పటికే ఉంది. ఎత్తు లేని, చెప్పుకోదగ్గ ఆట లేని మేము మాకన్నా గొప్ప జట్లను ఓడించింది ఈ కలివిడితనం వల్లనే అని నా నమ్మకం. ఇప్పటికీ సగం నమ్ముతాను.

ఎంపిక చేసే ఆయన ముందుగా నాకు ఫోన్ చేశాడు. "ఆ పిల్ల ఆట వీడియోలల్ల చూసిన మేడమ్. అట్ల ఆడేటోళ్లు ఇంకా దొరుకుతరు. జట్టుల కలిసిపోతదా లేదా, నేను చూసేది గదే" అన్నాడు.

ఇక చూడండి నా తిప్పలు. రోజూ ఆ పిల్ల వెంటపడ్డాను. అక్కా అను. నీళ్లియ్యి. గొంతు తగ్గించు. "రింగు కాడ నేనే ఉన్నప్పుడు ఆఖరి బాల్ నీకెందుకియ్యాలె?" అని నన్నే అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అయినా "గాయన చూస్తడు గద, జర నా మాట ఇను" అని బతిమాలాను.

మెల్లగా దారికొచ్చింది. మిగతావాళ్లూ మెత్తబడి బంతి వేయడం మొదలుపెట్టారు. ఒకరోజు బేసిన్‌లోంచి ముద్ద తీసి, తాను అరిచిన ఆ పెద్దామె నోట్లోనే పెట్టింది. అందరం నవ్వుకున్నాం. నాకు మాత్రం ఫికర్ తగ్గలేదు. ఆయన ముందు నోరు జారితే? ఆయన కంటపడేలా ఎవరినైనా విసుక్కుంటే? మ్యాచ్ రోజు ఆదిలాబాద్ దారిలో ఇచ్చోడ దగ్గర బస్సాగితే అందరూ దిగి చాయ్ తాగారు. నేను కిందికే దిగలేదు.

మ్యాచ్‌లో ఆమె ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. అక్కా, అక్కా అంటూనే ఆడింది. నేను బంతిని చూసినంతసేపూ గ్యాలరీలో ఆయన మొహాన్ని కూడా చూస్తూనే ఉన్నాను. ఆయన తల ఊపిన ప్రతిసారీ నాకు ప్రాణం లేచొచ్చేది.

చివరికి మేము ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. టైము అయిపోవస్తోంది. మావాళ్లు వేసిన బంతి రింగుకు తగిలి వెనక్కొస్తే ఆ పిల్లే ఎగిరి అందుకుంది. సరిగ్గా రింగు కిందే ఉంది, పక్కన ఒక్కరు కూడా లేరు. చెయ్యెత్తితే చాలు. ఆమె చెయ్యెత్తలేదు. తల తిప్పి నా కోసం వెతికింది. నేను దూరంగా, ఇద్దరు ఆదిలాబాద్ పిల్లల మధ్య ఇరుక్కుని ఉన్నాను. "వెయ్! నువ్వే వెయ్!" అని గొంతు చించుకున్నాను. అప్పటికే బంతి నా వైపు వచ్చేసింది. అది నా చేతికి అందేలోపే హారన్ మోగింది.

ఆయన గ్యాలరీ దిగి మా దగ్గరికొచ్చాడు. "ఆఖరి బాల్ నువ్వెందుకు వెయ్యలేదమ్మా?" అని అడిగాడు.

"మా జట్టుల ఆఖరి బాల్ అక్కది సార్" అంది. ఓడినందుకు కళ్లు తడిగా ఉన్నా, ఆ మాట మాత్రం గొప్పగా చెప్పింది.

"మరి మా జట్టుకొస్తె అక్క ఉండదు కద. అప్పుడేం చేస్తవు?"

ఆ పిల్ల ఏం చెప్పమంటావు అన్నట్టు నా మొహంలోకి చూసింది.