దానియేలు చూసిన అడుగు

దానియేలు మాస్టారిది గుంటూరు వైపు. తార్నాకలో ఒక మిషన్ బడిలో డ్రిల్లు మాస్టరుగా చేరి ఇరవయ్యేళ్ళు దాటింది. సెలవు రోజుల్లో యూనివర్సిటీ గ్రౌండులో బేస్‌బాల్ మ్యాచులకు అంపైరుగా వెళ్ళేవాడు. ఆ ఆట మన దగ్గర ఆడేవాళ్ళే తక్కువ, రూల్సు తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. అందుకే ఏ జట్టయినా ఆయన్నే పిలిచేది.

ప్రత్యేక రాష్ట్రం ఇస్తామన్న ప్రకటన వచ్చి, మళ్ళీ వెనక్కి పోయిన ఆ జనవరిలో మాత్రం భార్య కరుణమ్మ వెళ్ళొద్దంది. ఆర్ట్స్ కాలేజీ ముందు దీక్షా శిబిరం, గేటు దగ్గర ముళ్ళకంచె, దాని వెనక పోలీసు వ్యాన్లు. కోస్తా వైపు వాళ్ళు బజార్లో మాట్లాడాలంటే గొంతు తగ్గిస్తున్నారు. మాటిచ్చానని ఆయన వెళ్ళాడు.

క్యాంపస్ జట్టుకూ, సికింద్రాబాద్ నుంచి వచ్చిన కాలేజీ జట్టుకూ పోటీ. చివరి ఇన్నింగ్స్‌లో క్యాంపస్ జట్టు బ్యాటింగు అయిపోయింది, స్కోరు సమంగా ఉంది. క్యాంపస్ జట్టు తరఫున బంతి విసురుతున్నది ఇమ్మానుయేల్, జనగామ వైపు పల్లె నుంచి వచ్చిన విద్యార్థి. అవతలి జట్టువాడు ఒకడు మొదటి బేస్ దగ్గర, ఇంకొకడు మూడో బేస్ దగ్గర పరుగుకు సిద్ధంగా ఉన్నారు. శిబిరం నుంచి లేచి వచ్చినవాళ్ళు గీత చుట్టూ గుమిగూడారు. ఇమ్మానుయేల్ చటుక్కున తిరిగి మొదటి బేస్‌కు విసిరాడు. బేస్ వదిలి ముందుకు జరిగిన రన్నర్ దొరికిపోయాడు. జనం ఈలలు వేశారు.

దానియేలు రెండు చేతులూ పైకెత్తి ఆట ఆపాడు. అలా విసిరేముందు పిచర్, అంటే బంతి విసిరేవాడు, ఆ బేస్ వైపు అడుగు వేయాలి. ఇమ్మానుయేల్ చేతిలోంచి బంతి వెళ్ళిపోయాకే అతని ఎడమకాలు కదిలింది. అది తప్పు. దొరికినవాడు ఔట్ కాడు సరికదా, రన్నర్లిద్దరూ ఒక్కో బేస్ ముందుకు వెళ్తారు. మూడో బేస్ దాటితే పరుగే కాబట్టి అక్కడున్నవాడికి పరుగు వచ్చింది. క్యాంపస్ జట్టు ఓడిపోయింది.

ఈలలు ఆగిపోయాయి. ఆయనది ఏ ఊరని ఎవరో అడిగారు. ఇంకెవరో జవాబు చెప్పారు. జనం గీత దాటి లోపలికొచ్చి ఆయన చుట్టూ దగ్గరగా నిలబడ్డారు. వెనకనుంచి ఒక చెయ్యి తోసింది. తూలి నిలదొక్కుకునేసరికి ఇమ్మానుయేల్ ఎదురుగా ఉన్నాడు.

"సార్, నా కాలు ముందుగాల్నే పడ్డది."

"లేదు బాబూ. బంతి ముందు వెళ్ళింది, కాలు తరవాత పడింది."

ఇమ్మానుయేల్ తన ఎడమకాలి వైపు ఒకసారి చూసుకుని పక్కకు జరిగాడు. మిగతావాళ్ళూ జరిగారు. తార్నాక చౌరస్తా దాకా ఇద్దరు కుర్రాళ్ళు మాట్లాడకుండా ఆయన వెనకే నడిచారు. కాపాడటానికో, ఇల్లు చూసుకోవడానికో ఆయనకు తెలియలేదు.

మర్నాడు ఇంటి ముందు పోలీసు జీపు ఆగింది. సబ్‌ఇన్‌స్పెక్టర్ కొన్ని ఫోటోలు బల్ల మీద పరిచాడు. అన్నిటికన్నా పైన ఇమ్మానుయేల్‌ది. ఆంధ్రావాడని వీళ్ళు కొట్టారంటూ ఒక్క కంప్లయింటు ఇస్తే చాలు, మిగతాది తాము చూసుకుంటామన్నాడు.

"నన్నెవరూ కొట్టలేదండీ," అన్నాడు దానియేలు. "తోసిందెవరో నేను చూడలేదు. చూడనిది చెప్పలేను."

రేపు ఏదైనా జరిగితే మా దగ్గరికి రావొద్దని తాపీగా చెప్పి అతను లేచాడు. జీపు మాత్రం మధ్యాహ్నం దాకా సందు మొదట్లోనే నిలిచి ఉంది. దారిన పోయేవాళ్ళంతా దాన్నీ, ఆ ఇంటినీ చూస్తూ వెళ్ళారు.

ఆ వారమే ఇమ్మానుయేల్‌ని హాస్టల్లోంచి పట్టుకుపోయారు. దానియేలు స్టేషన్‌కు వెళ్ళి, ఆ అబ్బాయి తనను ముట్టుకోనైనా లేదని చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. బెయిలు మీద బయటికొచ్చాక ఇమ్మానుయేల్ ఆయన ఇంటికి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"నా పేరు మీరే ఇచ్చిండ్రని అందరంటున్నరు సార్."

"నువ్వేమంటావు?"

"పోలీసోళ్ళు మీ ఇంటికొచ్చిననాడు నేనీడ లేను గద సార్. ఏమని చెప్పాలె?"

అతను వెళ్ళిపోయాక కరుణమ్మ తలుపు గడియ పెట్టింది.

ఆ ఎండాకాలంలో వాళ్ళు మెట్టుగూడకు ఇల్లు మారారు. దానియేలు బడి మానలేదు కానీ, మ్యాచులకు మళ్ళీ పిలుపు రాలేదు. ఇమ్మానుయేల్ ఇంకా ఆడుతున్నాడని ఎవరైనా చెబితే తలూపేవాడు. కొత్త ఇంటి ముందు ఏ బండి ఆగిన చప్పుడయినా, ఎంతటి మాటయినా మధ్యలోనే ఆపేసి, అది కదిలేదాకా వింటూ కూర్చునేవాడు.