సైరన్‌కు పరుగెత్తే పిల్ల

ఆ సాయంత్రం సారపాకలో మా ఇంటి అరుగు మీద జాజి నాకు వీపు పెట్టి ఆడుకుంటోంది. మూడేళ్ల పిల్ల, ఇంకా ఒక్క మాటా రాలేదు. అన్నానికి రమ్మని పిలిచాను. గొంతు పెంచి మళ్లీ పిలిచాను. తిరగలేదు. ఇంతలో మిల్లు సైరన్ మోగింది. నాన్న డ్యూటీ దిగాడని లేచి వీధిలోకి పరుగెత్తింది. నాకు భయం పట్టుకుంది.

"సైరన్ ఇనబడ్తది, నీ పిలుపు ఇనబడదా? పొగరు దానికి" అంది మా అత్త.

అప్పటినుంచి మా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ డాక్టర్లే. దాని వెనక నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లు, పళ్లెం మోగించేవాళ్లు. తిరిగితే చెవులు బాగున్నాయి, తిరగకపోతే మొండిది. మాటలొస్తాయని మా అత్త వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. పిల్ల వాంతులు చేసుకునేదాకా రాసింది.

ఖమ్మంలో పేరున్న పిల్లల డాక్టరుకు చూపించాం. బల్లకు ఆనుకుని నిల్చున్న జాజి వెనక్కి వెళ్లి, అరచేత్తో బల్ల మీద ఒక్క దెబ్బ వేశాడు. అది తిరిగింది. ఆయన పరీక్ష అంతే.

"హియరింగ్ నార్మల్ అమ్మా. ఇది మెంటల్ రిటార్డేషన్. చదువు మీద ఆశ పెట్టుకోకండి" అన్నాడు, తర్వాతి పేషెంటును పిలుస్తూ.

ఆ మాట విని, పిల్లను చేర్చుకోమని అడిగిన భద్రాచలం బడివాళ్లు చేతులు దులుపుకున్నారు. "ఇగ ఊకో, డాక్టర్ చెప్పిండు గద" అన్నాడు నా భర్త. నేను ఊరుకోలేదు. పిల్లను చంకనేసుకుని హైదరాబాద్ బస్సెక్కాను.

అక్కడ జాజిని నిద్రపుచ్చి, తలకు వైర్లు అంటించి, శబ్దం మెదడుకు అందుతోందో లేదో చూసే బెరా టెస్ట్ చేశారు. ఆడియాలజిస్టు అమ్మాయి నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "పెద్ద మోతలు అందుతయమ్మా, మాటలు అందవు. సెన్సోరీన్యూరల్ లాస్, అంటే లోపలి చెవిల, నరంల లోపం. పాప తెలివికి లోటేం కనబడుతలేదు."

"మరి డాక్టరు బల్ల మీద కొడితే తిరిగింది కదా?"

"బల్ల అదిరితే మీరైనా తిరుగుతరు."

రెండు చెవులకూ హియరింగ్ ఎయిడ్ పెట్టారు. జాజి పీకి పారేసేది. ఎండాకాలం చెమటకు ఒకటి పాడైతే మార్పించాం. నెలల తరబడి స్పీచ్ థెరపీకి తిప్పినా ఒక్క మాట లేదు. "నేను చెప్పలే?" అని మా అత్త రోజూ దెప్పేది. ఒకనాడు బుద్ధి మారక మళ్లీ దాని వెనక చేరి చప్పట్లు కొట్టింది. జాజి తిరిగి, ఆమెను ఎగాదిగా చూసి, "పో" అంది. అదే నా బిడ్డ తొలి మాట. నేను వంటింట్లోకి వెళ్లి కరువుదీరా ఏడ్చాను.

ఇప్పుడది మామూలు బడిలో మూడో తరగతి. ప్రశ్నలడిగి టీచర్ల ప్రాణం తీస్తోంది.

నాలాంటి తల్లులకు ఒక్కటే చెబుతాను. మాట రాని పిల్లకు ఎవరు ఏ పేరు పెట్టినా, ముందు బెరా చేయించండి. చప్పట్లను, పళ్లేలను, పేరున్న డాక్టర్ల అరచేతులను నమ్మకండి.

మొన్న చుట్టాలొస్తే మా అత్త గొప్పగా చెప్పుకుంటోంది. "నేను రాసిన వసకే దానికి మాటలొచ్చినయి." పక్కనే కూర్చున్న జాజి అంతా విన్నది. చెవుల్లోంచి రెండు మిషన్లూ తీసి డబ్బాలో పెట్టి మూత వేసింది.