రాకాసి బలం తగ్గించం

మా లెక్కల టీచరు పోయారని శీనన్న ఫోన్ చేసినప్పుడు నేను నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే బస్సులో ఉన్నాను. ఆదివారం ఆటకి ఆమె ఇంటికే బయల్దేరాను.

చావింట్లో ఒక పెద్దాయన నిట్టూర్చాడు. "అంత చదువుకోని, చివరికి పాచికలు పట్టుకోని పిల్లకాయల ఆటలాడుకుంటా పోయింది." ఒళ్లు మండిపోయింది. శవం ముందు గొడవెందుకని ఊరుకున్నాను. ఇది రాసేటప్పుడు మాత్రం ఊరుకోను.

ఆ ఆటలో ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో వీరులు. రాక్షసులతో పోరాడాలి, గెలిస్తే నిధి. దెబ్బ తగిలిందో లేదో పాచికలు చెబుతాయి. కథ నడిపేది టీచరు. ఆమె దగ్గర చదువుకున్న నలుగురం, శీనన్నా నేనూ ఇంకో ఇద్దరూ, మీసాలొచ్చి ఉద్యోగాల్లో పడ్డాక కూడా, ఆమె వరండాలో చేరేవాళ్లం. నిధి ఎక్కువిస్తే మేము బలిసిపోతాం, ఆట చప్పబడుతుంది. తక్కువిస్తే చస్తాం. ఆ తూకం కోసం ఆమె వారమంతా కుస్తీ పట్టేవారు.

అందులో మేము మా ఊరి తప్పొకటి చేశాం. మా ఊళ్లో సముద్రం మీద వేటకెళ్లొస్తే పట్టిన చేపల్లో పడవకూ ఒక వాటా తీస్తారు. కథలో మాకో పడవ ఉండేది. దొరికిన నిధిలో అలవాటు కొద్దీ దానికీ వాటా తీసి పక్కన పెట్టేశాం. ఆట నియమాల పుస్తకం లెక్కలో నిధంతా మనుషుల ఆయుధాలకే, రాక్షసుల బలమూ ఆ లెక్కకే. దాంతో మా కత్తులూ కవచాలూ నాసిరకం, ఎదురొచ్చే రాక్షసులు మాత్రం భారీ. వరసగా తన్నులు తిన్నాం.

"వాటి బలం తగ్గించండి టీచర్," అని శీనన్న బతిమాలాడు.

"తగ్గించను. పడవకి వాటా ఇచ్చినారు గదా, దాన్ని పడవకే పెట్టండి. మీకు లేని బలం దానికి రానీండి."

పడవకి ఇనుప ముక్కు చేయించాం, కొత్త తెరచాప కట్టాం. అప్పట్నుంచి పోటాపోటీగా నిలబడ్డాం. పుస్తకంలో లేని తూకాన్ని ఆమె మా అలవాటులోంచే తీశారు. పిల్లకాయల ఆటట!

ఆటలో ఏదైనా ఊరికే ఇమ్మని అడిగితే, "పోయినసారి ఊరికే ఇచ్చిన ఉంగరం ఏమైందిరా?" అనేవారు. ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆమె పోయేనాటికి ఒక సముద్రపు రాకాసితో పోరు మధ్యలో ఆగి ఉంది. కర్మలయ్యాక శీనన్న ఇంట్లో కూర్చున్నాం. కథ నడిపే పని నా మీద పడింది.

"ఈ ఒక్కసారికి దాని బలం తగ్గించబ్బా. టీచర్ పేరు మీద గెలుద్దాం," అన్నాడు శీనన్న.

జాలితో గెలిస్తే ఆమెని రెండోసారి పంపించేసినట్టే. కుదరదన్నాను.

రాకాసి పడవని విరిచేసింది. శీనన్న వీరుడు చచ్చిపోయాడు. చావింట్లో కంటతడి పెట్టని శీనన్న అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి అతను ముఖం తుడుచుకుని పాచికలు తన వైపుకి లాక్కున్నాడు.

"నాకు ఇంకో వీరుడొస్తన్నాడు, రాసుకో. కవచం వద్దు, నిధి వద్దు. ఒక కత్తియ్యి చాలు."

ఇచ్చాను. ఆ కొత్తవాడు నడుం లోతు నీళ్లలోకి దిగి, రాకాసికి ఎదురుగా నిలబడ్డాడు.