ఆదివారం నా నోట్లోకి వెళ్ళినవి

"నేనసలేమీ తినను డాక్టరుగారూ" అన్నాను. అబద్ధమాడుతున్నానని నాకు ఏ కోశానా అనిపించలేదు. ఆవిడ కళ్ళజోడు మీదుగా నన్ను చూసి, "ఏం తినకపోతే షుగర్ ఎట్ల పెరిగిందమ్మా?" అంది. ఉప్పల్‌లో మెట్రో లైను పక్క సందులో ఆవిడ క్లినిక్. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో నా అంకె గీత దాటింది. "మూడు నెల్లు టైమిస్త. తిన్నది, నడిచింది అంతా రాయండి. అయినా దిగకపోతే గోళీ మొదలుపెడదాం" అని చెప్పి పంపేసింది.

ఆ గోళీ అంటేనే నాకు భయం. నలభై ఏడేళ్ళొచ్చినా రోజూ వేసుకునే మందు ఒక్కటీ లేదని లోలోపల పెద్ద గర్వం నాకు. ఆఫీసులో టిఫిన్ డబ్బాతో పాటు మాత్రల డబ్బా తెచ్చుకునేవాళ్ళని ఆటపట్టించేదాన్ని కూడా నేనే. ఇప్పుడు వాళ్ళ పక్కన కూర్చుని నేనూ డబ్బా తెరవడమంటే ప్రాణం ఒప్పలేదు.

రాయడం నాకేం కొత్త కాదు. నాచారం పారిశ్రామికవాడలో ఒక రంగుల కంపెనీ లాబ్‌లో ఇరవై రెండేళ్ళుగా అదే పని: తూచడం, కొలవడం, రాయడం. కాబట్టి లాంగ్ నోట్‌బుక్ కొని, నిలువు గీతలు కొట్టి, టైము, ఏం తిన్నాను, ఎంత, ఎన్ని అడుగులు నడిచాను అని గళ్ళు పెట్టాను. మావారు రైల్వేలో గుమాస్తా. పుస్తకం తిరగేసి, "బ్యాచ్ నంబరు కూడా వేసుకో, ఓ పనైపోతుంది" అన్నారు.

పొద్దున ఆరింటికి కింది వాటాలో ఉండే ఓనరక్కతో నడక. ఆమె పుట్టి పెరిగింది పీర్జాదిగూడలో. నేను పది నిమిషాలకోసారి ఫోన్ తీసి అడుగులు చూసుకుంటుంటే ఆమెకు విసుగు. "నడువనీకి వచ్చినవా, లెక్కలు జూడనీకి వచ్చినవా? జర నా దిక్కు జూసి ముచ్చట వెట్టు" అనేది.

నెలన్నర గడిచింది. పుస్తకం ప్రకారం నేను పిచ్చుకంత తింటున్నాను, రోజుకు ఎనిమిది వేల అడుగులు నడుస్తున్నాను. బరువు మాత్రం కిలోన్నర పెరిగింది. నిజం చెప్పాలంటే అప్పుడు భయం కన్నా ఆసక్తి ఎక్కువైంది. లెక్క తేడా వస్తే నాకు నిద్ర పట్టదు.

మొదట తూకం మెషీన్‌ని అనుమానించాను. సీలు విప్పని బియ్యం బస్తా ఎక్కిస్తే సంచి మీద రాసినంతే చూపించింది. తర్వాత ఫోన్. ఒక ఉదయం నడుస్తూ వెయ్యి అడుగులు నోటితో లెక్కపెట్టాను. నేను జపం చేసుకుంటున్నాననుకుని అక్క ఆ వెయ్యి అడుగులూ నోరు విప్పలేదు. పది అడుగుల తేడా వచ్చింది, అంతే. మెషీనూ సరిగ్గానే ఉంది, ఫోనూ సరిగ్గానే ఉంది. ఇక మిగిలింది రాసే మనిషి.

మా లాబ్‌లో ఒకరు తీసిన రీడింగ్‌ని రెండో మనిషి కూడా తీసి సంతకం పెట్టాలి. మొదటివాళ్ళ కాగితం చూడకూడదు. అదే పద్ధతి ఇంట్లో పెడదామనిపించింది. ఒక ఆదివారం మావారికి ఇంకో పుస్తకం ఇచ్చి, "ఇవాళ నా నోట్లోకి ఏం వెళ్ళినా రాయండి. నాకు చూపించొద్దు" అన్నాను. ఆయన వంటింటికి ఎదురుగా కుర్చీ వేసుకుని, చెవిలో పెన్ను దోపుకుని డ్యూటీ ఎక్కారు.

సాయంత్రం టీ తాగుతూ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టాం. నాది ఆరు లైన్లు. ఆయనది ఇరవై మూడు. వేళాకోళం చేస్తున్నారనుకుని నాకు ఒళ్ళు మండింది.

"ఎనిమిదీ పదికి అట్టు ఒకటి, మాడింది" అని చదివారు.

"మొదటి అట్టు ఎప్పుడూ సరిగ్గా రాదు కదండీ. అది మీకెలా పెడతాను?"

"తిన్నావా, లేదా?"

"తిన్నాను."

"మరి రాయలేదేం?"

ఆయన ఆగలేదు. చట్నీలో ఉప్పు చూడటం, మూడుసార్లు. మా అమ్మాయి వదిలేసిన సగం అట్టు. అక్క పంపిన సర్వపిండి, రుచి చూడటానికో ముక్క, చల్లారితే బాగుండదని ఇంకో ముక్క. అన్నిటికన్నా పెద్దది మూకుడన్నం. బంగాళదుంపల వేపుడు దించాక మూకుడు అడుగున కారం, నూనె, మాడిన ముక్కలు అంటుకుని ఉంటాయి. అందులో వేడన్నం వేసి కలిపి పొయ్యి దగ్గరే తినేస్తాం. మా పుట్టింట్లో వంట చేసిన ప్రతి ఆడదీ అదే చేసేది. మా లెక్కలో అది తిండి కాదు, గిన్నె కడగడంలో భాగం. ఆయన మాత్రం "నాలుగు ముద్దలు, పెద్దవి" అని రాశారు.

లాబ్‌లో బ్యూరెట్ గొట్టంలోంచి జారిన ఒక్క చుక్కని వదలకుండా రాసేదాన్ని, నాలుగు ముద్దలెలా కనబడలేదు? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆయన పుస్తకం నా చేతిలోకి తీసుకుని చూస్తే, నేను చెప్పకుండానే చివర ఒక గడి కలిపారు. అందులో ఇరవై చోట్ల ఒకే మాట ఉంది: నిలబడి.

"ఇదెందుకు రాశారు?"

"ఎలా తింటే అలా రాశాను" అన్నారు. టీ గ్లాసు కింద పెట్టి, "ఇన్నేళ్ళలో నువ్వు వేడట్టు కూర్చుని తినడం నేనొక్కసారీ చూళ్ళేదు. రాస్తుంటే తెలిసింది" అన్నారు. ఆయన గొంతులో తప్పు చేసినవాడి జంకు వినబడి నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఆయన మీదో నా మీదో తెలీదు.

మర్నాటి నుంచి ఒకే నియమం: పళ్ళెంలో పడకుండా, కూర్చోకుండా ఏదీ నోట్లోకి వెళ్ళకూడదు. మూకుడన్నం మానలేదు. పళ్ళెంలోకి తీసి, తూచి, రాసి తిన్నాను. తూచాక రెండు ముద్దలే చాలనిపించింది. రెండో వారంలో ఇంకో వింత మొదలైంది. పదకొండింటికల్లా కడుపులో ఏదో లాగుతున్నట్టు, చేతుల్లో కాస్త నీరసం. గ్యాసేమోనని నడకలో అక్కకి చెప్పాను.

ఆమె రోడ్డు మధ్యలో ఆగి నవ్వింది. "గ్యాసు గీసు ఏం లేదు. ఆకలైతున్నది నీకు, అంతే. పోయి కూసొని తిను."

ఆకలిని గుర్తుపట్టలేనంతగా అలవాటు తప్పిందా నాకు! పొద్దున్నుంచి ఏదో ఒకటి నములుతూనే ఉంటే అదెక్కడ వస్తుంది?

గడువు రోజు రెండు పుస్తకాలూ డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆవిడ ముందు మావారి పుస్తకమే చదివింది. ఆ తర్వాత రిపోర్టు విప్పింది. "గీత కిందికి వచ్చింది. గోళీ ఇప్పుడైతే అవసరం లేదు. ఇట్లనే రాస్తుండండి" అంది.

బయటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. మావారు స్కూటరు ఇవతలికి తెచ్చి పెట్టడానికి చోటు వెతుక్కుంటుంటే నేను ఎదురుగా ఉన్న భోజనాల హోటల్లోకి వెళ్ళి కూర్చున్నాను. బయట ఇద్దరం కలిసి రావడం చూసిన వడ్డించే అతను, "సారు వచ్చినంక పెట్టాల్నా మేడం?" అని అడిగాడు.

పెట్టేయమన్నాను. మావారు చెమట తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చునేసరికి నా పప్పన్నం సగమైంది. ఆయన నా పళ్ళెం వైపు, నా వైపు చూశారు.

"ఆకలేసింది, మొదలుపెట్టేశాను" అన్నాను.