మల్దకల్ బస్సులో సవారమ్మ సీటు

ఆడ, మగ అన్న లెక్కలో ఇమడని వారు ఏటా ఒకనాడు పట్నంలో రంగుల జెండాలు పట్టుకుని, తలెత్తుకుని ఊరేగుతున్నారని పేపర్లో చదివాను. మంచిదే. కానీ ఊరేగింపు అయిన మర్నాడు వాళ్లు ఏ బస్సెక్కి పనికి పోతారన్నది ఎవరూ రాయలేదు. బస్సుల సంగతి నాకు కొంత తెలుసు. తెలిసిన ముక్క నాతోనే పోకూడదని ఇది రాస్తున్నాను.

ఎనభైల చివర్లో నన్ను వనపర్తి నుంచి గద్వాల బస్టాండుకు కంట్రోలర్‌గా మార్చారు. ఏ బస్సు ఏ వేళకు కదలాలో, ఏ డ్రైవరుకు ఏ కండక్టరును జత చేయాలో చూడటం, ప్రయాణికుల ఫిర్యాదులు వినటం కంట్రోలర్ పని. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాది డ్యూటీ దిగాక శాఖా గ్రంథాలయంలో కూర్చుని సంపాదించుకున్నదే. ఇంగ్లిషులో ఉన్న మా నిబంధనల పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివాను. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుపడను.

సవారమ్మ మల్దకల్ పక్క ఊరి మనిషి. మగపిల్లాడిగా పుట్టి, వయసు వచ్చాక చీర కట్టి ఎల్లమ్మ దేవతకు అంకితమైన మనిషి. అలాంటివారిని మావైపు జోగప్ప అంటారు. గద్వాలలో ఒక నేత ఇంట్లో ఆమె కండెలు చుట్టేది, అంటే మగ్గం నాడెలో పెట్టే పోగును చిన్న గొట్టాలకు ఎక్కించేది. పొద్దున మొదటి బస్సుకు రాకపోతే మగ్గం ఆగుతుంది. ఆలస్యమైతే వేరే మనిషిని పెట్టుకుంటామని ఆ ఇంటి యజమానురాలు పద్మమ్మ ముందే చెప్పింది.

బస్సులో ఆమెకు చోటు లేదు. ఆడవాళ్ల సీట్లలో కూర్చుంటే ఆడవాళ్లు లేపేవారు. మగవాళ్ల వైపు వెళితే ఒళ్లో కూర్చోమని ఎగతాళి. చివరికి కండక్టర్ నర్సింలు గొడవ ఎందుకని ఆమెను ఎక్కించుకోవడమే మానేశాడు. ఆమె నడిచి, ఎడ్లబండ్ల వెంట వచ్చి, నా గది ముందు నిలబడింది. పని రేపో మాపో పోయేలా ఉందని చెప్పి, ఒక్కటే అడిగింది.

“జాతరకైతే నన్ను ముంగట కూసోబెట్టి కాళ్లు మొక్కుతరు సార్. దినాం పనికి పోయే బస్సుల ఎందుకు ఎక్కనిస్తలేరు?”

నర్సింలును పిలిచాను. తోటి ప్రయాణికులకు ఇబ్బంది కలిగించేవారిని దింపవచ్చన్న నిబంధనను చూపించాడు. నేను ఆ పేజీ తెరిచి, అది మనిషి చేసే పనిని గురించి చెప్పిన మాటే తప్ప, పక్కవాళ్లకు ఆ మనిషి నచ్చకపోవడాన్ని గురించి కాదని వివరించాను. అతను ఓపికగా విన్నాడు.

“పుస్తకం మీ గదిల ఉంటది సార్. బస్సుల నా మీదికి వచ్చేది బాలమణి” అన్నాడు.

బాలమణి గద్వాలలో కూరగాయలు అమ్మేది. అదే బస్సు. ఆమె నోటికి డ్రైవరు కూడా జంకేవాడు. నేను ఆదేశమిచ్చాను. నర్సింలు సవారమ్మను ఎక్కించుకున్నాడు, కానీ వెనక మెట్ల దగ్గర నిలబెట్టాడు. ఆ మెట్ల మీద వచ్చినవాళ్లూ పోయినవాళ్లూ ఆమెను తోస్తూనే ఉన్నారు.

ఆ వేసవిలోనే ఎల్లమ్మ జాతర వచ్చింది. నన్ను మల్దకల్‌కు జాతర డ్యూటీ మీద పంపారు. అక్కడొక ఆనవాయితీ ఉంది. జాతర కోసం అదనంగా నడిపే స్పెషల్ బస్సుల్లో మొదటిది, అమ్మవారి ప్రతిమ ఉన్న గంపను తలకెత్తుకున్న జోగప్ప ఎక్కి కూర్చున్నాకే కదలాలి. దాని వెనకే మిగతావి. ఆ ఏడు గంప ఎత్తే వంతు సవారమ్మకు వచ్చింది. నర్సింలు డ్రైవరు వెనక సీటుకు పసుపు గుడ్డ పరిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్లు దారి ఇచ్చారు. బాలమణి ముందుగా వంగి కాళ్లు మొక్కింది.

సవారమ్మ ఎక్కలేదు.

“ఎక్కు తల్లీ, ఎండ ముదురుతుంది” అంది బాలమణి.

“రేపు పొద్దుగాల బస్సుల యాడ కూసోవాలె?”

“రేపటి సంగతి ఇప్పుడేంది?”

“నేను అడిగేది రేపటి సంగతే అక్కా. ఇయ్యాల నా కోసం కాదు, గంప కోసం జరుగుతున్రు. రేపు నా తల మీద గంప ఉండదు.”

వెనక బస్సులు హారన్లు కొడుతున్నాయి. నర్సింలు నా వైపు చూశాడు. రేపటి నుంచి ఆమె ఆడవాళ్ల సీట్లలోనే కూర్చుంటుందని, అభ్యంతరం ఉన్నవారు ఆమెతో కాక నాతో మాట్లాడాలని అందరికీ వినబడేలా చెప్పాను. నా మాటకు సవారమ్మ కదలలేదు. బాలమణి ముఖం చూస్తూనే ఉంది.

“సరే, నా పక్కకు కూసో” అంది బాలమణి చివరికి. “జర కిటికీ మాత్రం నాకిడువు.”

అప్పుడు ఎక్కింది.

మర్నాడు సవారమ్మ బాలమణి పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్య కూరగాయల గంప ఉందని నర్సింలు చెప్పాడు. కండెల పని ఊడకుండా నిలబడింది. అంతటితో తీరిపోయిందని రాస్తే అబద్ధం. కండక్టరు మారిన ప్రతిసారీ మళ్లీ గొడవ, మళ్లీ నా గది, మళ్లీ అదే పేజీ. నేను నాగర్‌కర్నూల్‌కు బదిలీ అయ్యేదాకా చెప్పినదే చెప్పి నోరు అలిసిపోయింది. నా తర్వాత వచ్చిన కంట్రోలర్‌కు కూడా చెప్పి వెళ్లాను.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే: మొక్కు వేరు, చోటు వేరు. పండగనాడు మొక్కడానికి ఎవరూ ఏమీ వదులుకోనక్కర్లేదు. పనిరోజు రద్దీలో చోటివ్వాలంటే ఒకరు జరగాలి. ఆ జరగమనే మాటను ఏడాది పొడుగునా చెప్పే మనిషి ఒకరు కావాలి.

నిఘంటువును ఇంటికి తీసుకుపోనిచ్చిన గ్రంథాలయం రాజయ్యగారికి, ఇష్టం లేకపోయినా ఆదేశం పాటించిన నర్సింలుకు, హారన్లు మోగుతున్నా ఇంజను ఆపి కూర్చున్న డ్రైవర్ మౌలాలికి, అలా అన్నా, ఆలస్యమైన రోజుల్లో వేరే మనిషిని పెట్టుకోని నేతింటి పద్మమ్మకు, పక్కకు జరిగిన బాలమణికి, అడిగిన సవారమ్మకు నా కృతజ్ఞతలు.