గడప బయటి బూట్లు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఆ మాటకొస్తే మనుషుల మీద కూడా అంతంత మాత్రమే. కూరగాయలు కొనేటప్పుడు తక్కెడ కింద తొంగి చూస్తాను. మా ఆవిడ దీనికి నన్ను ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. బహుశా అందుకే మా చర్చి కమిటీ ఈ పని నాకు అప్పజెప్పింది.

అశ్వారావుపేట దాటాక, పామాయిల్ తోటల వెనక మా చర్చికి ఒక పాత బంగ్లా ఉంది. ఒకప్పుడు స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టరు దొర అందులో ఉండేవాడు. వాళ్ల దేశపు గొప్ప రచయితలంటే ఆయనకు ప్రాణం. ఆయన వదిలి వెళ్లిన పుస్తకాలు, ఆ రచయితల ఫొటోలు, సిరాబుడ్లు ముందుగదిలో సర్ది దాన్ని మ్యూజియం చేశారు. అద్దాల పెట్టెలో ఒక జత తోలు బూట్లు కూడా ఉన్నాయి. వాళ్లలో ఒక రచయిత ఆ బూట్లతోనే కొండలన్నీ తిరిగాడట. ఆ ‘అట’ మీద కూడా నాకు అనుమానమే.

ఫిర్యాదు ఆ బూట్ల గురించే. చూడటానికి వచ్చినవాళ్లకు అవి చాలాసార్లు గడప బయట, చెప్పుల పక్కన కనిపించాయి. కాపలా ఉండే మరియమ్మ వాటిని ఎవరికో అమ్మే బేరం పెట్టిందని కమిటీలో గుసగుసలు. ఆమెకు భర్త లేడు. కూతురితో బంగ్లా వెనక గదిలో ఉంటుంది. పని పోతే ఆ గది కూడా పోతుంది.

మొన్నటి వేసవిలో ఒక మధ్యాహ్నం బండి మీద వెళ్లాను. నన్ను చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

“నేను ముట్టలే సార్, దేవుని తోడు. లోపల పెడ్త, మల్ల బయటుంటయి. నన్నేం జెయ్యమంటరు?”

“కట్టుకథలు చెప్పకు. తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్లే జవాబు చెప్పాలి,” అన్నాను. గట్టిగానే అన్నాను.

చెప్పులు గడప బయట విడిచి లోపలికి వెళ్లాను. బూట్లు పెట్టెలోనే ఉన్నాయి. రెండింటి లేసులూ కలిపి ముడివేసి ఉన్నాయి. పెట్టెకు నేనే తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. కిటికీల గడియలు కూడా చూశాను. మరియమ్మను నా పక్కనుంచి కదలొద్దన్నాను. తర్వాత గోడల మీది ఫొటోలు చూసుకుంటూ నడిచాను. అన్నీ గడ్డాలు, కోట్లు. ఒక్క మొహంలోనూ నవ్వు లేదు. మరియమ్మ కొంగు నలుపుకుంటూ నా వెంటే ఉంది.

ఇక చాలనుకుని బయటికి వచ్చాను.

నా చెప్పుల పక్కన బూట్లు ఉన్నాయి. ఎవరో ఇప్పుడే విడిచి లోపలికి వెళ్లినట్టు, ముక్కులు గుమ్మం వైపు తిరిగి ఉన్నాయి. లేసుల ముడి విప్పి ఉంది.

అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? ముందు మరియమ్మ వైపే అనుమానంగా చూశాను. ఆమె ఇంకా గడప దాటనే లేదు. లోపలికి పరిగెత్తాను. పెట్టెకు వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల ఖాళీ. బంగ్లా చుట్టూ తిరిగాను. ఊడ్చిన వాకిట్లో మా ఇద్దరి అడుగులు తప్ప ఇంకేమీ లేవు.

“తాళంచెవి మీ తానే ఉండె గద సార్?” అంది మరియమ్మ. దెప్పడం కాదు, పాపం, ఏడుస్తోంది.

నాకు సిగ్గేసింది. “అవ్, నా తాన్నే ఉంది. నీ తప్పేం లేదమ్మా. జల్దీ తలుపుకు తాళం వెయ్, పోదాం,” అన్నాను.

ఆమె కదల్లేదు. బూట్ల వైపు చూస్తూ మెల్లగా అంది: “చెప్పులు బయటుంటే మనిషి లోపలున్నట్టే గద సార్. మనిషిని లోపల పెట్టి తాళం ఎట్లేసేది?”

నేను మళ్లీ వెయ్యమనలేదు. తలుపు అలాగే తెరిచి ఉంచి వచ్చేశాను.

మరియమ్మ తప్పేమీ లేదని కమిటీకి చెప్పాను. ఆమె ఇప్పటికీ అక్కడే ఉంది. “మరి తీసిందెవరు?” అని వాళ్లు అడిగారు. తాళంచెవి ఉన్నవాళ్లే జవాబు చెప్పాలని నేనే అన్నాను కదా! ఆ రోజు చెవి నా జేబులోనే ఉంది. జవాబు మాత్రం ఇవాళ్టికీ నా దగ్గర లేదు.