మబ్బు కాని తెలుపు

ఆఫీసులో ఆమెను మబ్బులమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనేవారు, ఇప్పుడు మొహమ్మీదే అంటున్నారు. ఇరవై మూడేళ్లుగా ఆమె చేస్తున్నది మబ్బులు ఏరే పనే కాబట్టి ఆ పేరులో అబద్ధమేమీ లేదు.

ఉపగ్రహం సముద్రం మీదుగా పోతూ నీళ్ల వేడిని కొలిచి బొమ్మ పంపుతుంది. వెచ్చని నీళ్లు నల్లగా, చల్లని నీళ్లు తెల్లగా పడతాయి. మబ్బు కూడా చల్లనిదే కనుక అదీ తెల్లగానే పడుతుంది. మబ్బుల్ని చెరిపేసి నీళ్లను మిగల్చడం కంప్యూటర్ పని. అయితే అప్పుడప్పుడు తీరం వెంబడి అడుగునున్న చల్లని నీళ్లు పైకి ఉబికి వస్తాయి. ఆ నీళ్ల అంచునే చేపలు గుంపు కడతాయి, పడవలవాళ్లకు కావాల్సిందీ ఆ అంచే. తెలివితక్కువ కంప్యూటర్ దాన్ని కూడా మబ్బనుకుని చెరిపేస్తుంది. అందుకే మధ్యాహ్నం పన్నెండింటికి పడవలవాళ్లకు పటం వెళ్లేలోపు ఒక మనిషి కూర్చుని నీళ్లనూ మబ్బునూ విడదీయాలి. నిన్న సాయంత్రం బొమ్మ, ఇవాళ పొద్దుటి బొమ్మ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. చోటు మారింది మబ్బు, తీరాన్ని అంటిపెట్టుకుని ఉన్నది నీళ్లు. చెప్పడానికి ఇంతే. చెయ్యబోతే తెలుస్తుంది.

తెర మీద వెలుగు పడకూడదని ఆ గది కిటికీలకు నల్ల కాగితం అంటించారు. తలుపు వేస్తే పగలో రాత్రో తెలియదు. కుర్చీ చేతులకు తొడుగు ఊడిపోతే ఆమే పాత గుడ్డ చుట్టుకుంది. అసలు సముద్రం అక్కడికి రైల్లో ఒక రోజు ప్రయాణం. దాన్ని ఆమె పదకొండో ఏట ఒక్కసారి, బస్సు కిటికీలోంచి చూసింది. చూసిందనడం కూడా ఎక్కువే, నిలబడి మెడ చాచేలోపు బస్సు మలుపు తిరిగింది.

"రోజల్లా సముద్రమే చూస్తావు కదమ్మా, ఇంకా చూడ్డానికేం మిగిలింది?" అంటుంది అత్తగారు.

"రంగు మిగిలింది అత్తయ్యా" అంటుంది ఆమె.

ఆఫీసుకో ఓడ ఉంది. ఏటా ఐదు నెలలు తిరుగుతూ, నీళ్లలో థర్మామీటర్లు దించి ఉపగ్రహం చెప్పింది నిజమో కాదో చూసి వస్తుంది. బొమ్మలు చదివేవాళ్లకు అందులో ఒక్క చోటు. ఆమె పదకొండుసార్లు అర్జీ పెట్టుకుంది. పదకొండుసార్లూ పెద్దసారు ఎంతో ఆప్యాయంగా, మీరు వెళ్తే ఈ గదికి దిక్కెవరమ్మా అన్నాడు. ఈ లోకంలో పని బాగా చేసినవాళ్లకు దొరికే బహుమానం మరింత పని! యాభై నిండినవాళ్లను ఓడ ఎక్కించుకోరు. ఆమెకు వచ్చే ఏడాదికి నిండుతాయి. అంటే ఇదే ఆఖరు ఏడు.

ఈసారి ఆమె పట్టుబట్టింది. ఒక మనిషినివ్వండి, నేర్పి వెళ్తానంది. సారు ఆలోచించి, ఒక షరతు మీద సరేనన్నాడు. ఆ మనిషి నేర్చుకున్నాక నెల రోజులు ఒక్కడే చెయ్యాలి, ఒక్క తప్పు కూడా రాకూడదు, ఆమె పక్కనే ఉన్నా నోరు విప్పకూడదు. అలా నెల గడిస్తే ఓడ ఆమెది. బస్సు డిపోలో మెకానిక్కైన భర్త ఈ మాట విని, ఐదు నెలల్లో ఇల్లేం కూలిపోదులే, వెళ్లిరా అన్నాడు. ఆ రాత్రి ఆమెకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

వచ్చినాయన వాతావరణ విభాగంలో పదిహేనేళ్లు మబ్బులే చూసినవాడు. మంచివాడు, శ్రద్ధ ఉన్నవాడు. కానీ పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడ్డట్టు, ఆయనకు తెల్లనిదల్లా మబ్బే. రెండు నెలలు ఓపిగ్గా నేర్పింది. నేర్చుకున్నాడనే అనుకుంది.

పరీక్ష నెలలో పంతొమ్మిది రోజులు సాఫీగా గడిచాయి. ఇరవయ్యో రోజున తీరం పొడవునా తెల్లని పట్టీ పడింది. కంప్యూటర్ చెరిపేసింది. ఆయన చూశాడు, తల పంకించాడు, అలాగే వదిలేసి పదకొండింటికి టీకి వెళ్లాడు.

పక్క కుర్చీలో ఆమె గడియారం వైపు చూసింది. పటం ఇలాగే వెళ్తే పడవలన్నీ ఎక్కడికో పోయి వట్టి వలలతో తిరిగొస్తాయి. తప్పు బయటపడితే తన ఓడ ప్రయాణం మట్టికొట్టుకుపోతుంది. ఈ రెంటిలో ఏది తన చేతిని ముందు కదిలించిందో తర్వాత ఆమే చెప్పలేకపోయింది. ఆయన పాస్‌వర్డ్ తెర కింద చీటీ మీదే ఉంది. ఆ కుర్చీలో కూర్చుని, పట్టీని మళ్లీ నీళ్లలో కలిపి, ఆయన పేరు మీదే పంపేసింది. ఆయన తిరిగొచ్చి తెర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, తర్వాతి బొమ్మ తెరుచుకున్నాడు. నెల తిరిగేలోపు ఇలాంటిది ఇంకో రెండుసార్లు జరిగింది.

నెల నిండాక పెద్దసారు ఇద్దర్నీ పిలిచాడు. సారు మొహం వెలిగిపోతోంది. ఇరవయ్యో రోజున మన ఓడ ప్రయాణానికి ముందు పరీక్షగా తిరుగుతూ సరిగ్గా ఆ పట్టీ మీదుగానే వెళ్లిందట. థర్మామీటరూ పటమూ అచ్చంగా కలిశాయట. ఎవరైనా మబ్బని చెరిపేసేదాన్ని పట్టుకున్న మనిషెవరని ఓడలోవాళ్లు అడిగారట.

"రికార్డులో ఈయన పేరుంది. అలాంటి కన్ను ఓడలోనే ఉండాలి, మాకే ఇవ్వండి అంటున్నారు" అన్నాడు సారు. "మీరు నేర్పిన విద్యే కదమ్మా, ఆ గొప్పంతా మీదే. ఇక ఈయన వెళ్తే గది మళ్లీ మీరే చూసుకోవాలి మరి."

ఆమె తలూపింది. తాను తవ్విన గోతిలో తానే పడింది, తవ్వింది కూడా శుభ్రంగా తవ్వింది.

వరండాలోకి వచ్చాక ఆయన ఆగాడు. మొహం పాలిపోయి ఉంది.

"మూడుసార్లూ దిద్దింది మీరే మేడమ్. ఇప్పుడే లోపలికెళ్లి చెప్పేస్తాను."

ఆమె తలుపుకు అడ్డం నిలబడింది. చెబితే ఏమవుతుందో అడుగడుగూ కనబడుతూనే ఉంది. ఈయనకు పని రాలేదంటారు, కనుక మీరు కదలడానికి వీల్లేదంటారు. చెప్పకపోతే ఈయన వెళ్తాడు, కనుక మీరు కదలడానికి వీల్లేదంటారు. అడకత్తెరలో ఏ వైపు జరిగినా పోకచెక్కకు ఒరిగేదేముంది?

"చెప్పకండి. చెప్తే ఇద్దరం ఇక్కడే పడుంటాం. మీరొక్కరైనా వెళ్లండి."

ఆయన వెళ్లాడు. మూడు వారాల తర్వాత ఓడ ఎక్కడుందో లెక్క వచ్చింది. ఆమె ఆ పొద్దుటి బొమ్మ మీద ఆ చోటు వెతికి పట్టుకుంది. బొమ్మలో ఒక్కో చుక్క ఒక కిలోమీటరు మేర, అందులో ఎంత ఓడైనా కనబడదు. చుక్క తెల్లగా ఉంది, నిన్నటి బొమ్మలోనూ అంతే. అది మబ్బు కాదు, నీళ్లే అని గుర్తు పెట్టి, ఆమె పక్క చుక్కకు జరిగింది.